సరుకుల డబ్బు సాయంత్రం ఏడింటికి పోతోంది

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా ఆయన, నేను, ఆరో తరగతి చదివే పాప, ఒకటో తరగతి బాబు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. ఇద్దరి జీతాలూ కలిపి 68 వేలు చేతికి వస్తాయి. తిండి సరుకులకు నెలకు 18 వేల చిల్లర అవుతోంది. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. పైగా క్రెడిట్ కార్డు మీద 38 వేల బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నాం. వారం వంటలు ముందే రాసిపెట్టుకుంటే ఖర్చు తగ్గుతుందంటున్నారు, నిజమేనా? మా ఆయన తిండి దగ్గర లెక్కలు చూడొద్దంటారు. అత్తగారికి షుగర్ ఉంది. ఆకుకూరలు ఫ్రిజ్‌లో కుళ్లి పారేస్తున్నాం. బియ్యం బస్తా 26 కేజీలు ఎందుకుంటుంది? మిగిలిన డబ్బుతో ఎస్‌ఐపీ, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి, మొదలుపెట్టొచ్చా? మూడు నెలల స్టేట్‌మెంట్లు, బిల్లులు పంపుతున్నాను.

జవాబు:

స్టేట్‌మెంట్లు పంపి మంచి పని చేశారండి. అవి లేకపోతే నేను కూడా మీరు చెప్పిన 18 వేలే నమ్మి, పప్పు ఎక్కడ చవక, నూనె ఎక్కడ చవక అని చెప్పి ఊరుకునేవాణ్ని. బిల్లులన్నీ కూర్చుని కలిపితే తేలింది వేరు. సూపర్‌మార్కెట్ నెల సరుకులు 8,000, బియ్యం బస్తా 1,600, పాలు పెరుగు 2,700, కూరగాయలు పండ్లు 3,700, చికెన్ గుడ్లు 2,400. ఇక్కడికి 18,400. మీరు చెప్పిన లెక్క ఇదే, తప్పేమీ లేదు. కానీ పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లకు నెలకు సగటున 4,300, బయట నుంచి తెప్పించుకున్న భోజనాలకు, కర్రీ పాయింట్‌కు కలిపి 3,900 వెళ్తున్నాయి. ఇవి మీ మనసులో సరుకుల కింద లేవు, ఏ లెక్కలోనూ లేవు. అసలు ఖర్చు 26,600.

ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు. 2023-24 గృహ వినియోగ సర్వేలో పట్టణ కుటుంబాల మొత్తం ఖర్చులో తిండి వాటా 39.68 శాతం అని తేలింది. అందులో అన్నిటికంటే పెద్ద భాగం బియ్యానిదో పాలదో కాదు, పానీయాలు, ప్యాకెట్ తిళ్లు, బయట వండిన ఆహారానిది, మొత్తం ఖర్చులో దాదాపు 11 శాతం. కాబట్టి మీరు ఏదో దుబారా చేస్తున్నారని అనుకుని బాధపడకండి. కాకపోతే ఆ 8,200 ఎప్పుడు ఖర్చవుతున్నాయో చూడండి, అసలు విషయం అక్కడుంది. ఆర్డర్లన్నీ దాదాపు సాయంత్రం ఆరున్నర, తొమ్మిది మధ్యవే. ఇద్దరూ ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలు ఆకలంటుంటే ఫ్రిజ్ తలుపు తీసి "ఇప్పుడేం వండాలి" అని నిలబడే సమయం అది.

ఒక మంగళవారం బిల్లు చూద్దాం. రాత్రి 7:42కి ఆర్డర్. మీకు కావాల్సింది పచ్చిమిర్చి పావుకేజీ, కొత్తిమీర కట్ట, రెండూ కలిపి 45 రూపాయలు. డెలివరీ ఫ్రీ కావాలంటే 199 దాటాలి కాబట్టి ఒక చిప్స్ ప్యాకెట్, చాక్లెట్, జ్యూస్ బాటిల్ చేరాయి. హ్యాండ్లింగ్ చార్జీతో కలిపి 236. అంటే 45 రూపాయల అవసరానికి 191 అదనం. అదీ వచ్చేసరికి ఎనిమిదయింది, ఇక వండే ఓపిక లేక 8:10కి ఇంకో యాప్‌లో 480 రూపాయల ఫ్రైడ్ రైస్, నూడుల్స్. పచ్చిమిర్చి ఫ్రిజ్‌లోకి వెళ్లింది. ఒక్క సాయంత్రం 716 రూపాయలు. మీరు నెలంతా కందిపప్పులో కేజీకి పది రూపాయలు బేరమాడి మిగిల్చినా దీనికి చాలదు.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: అవును, వంటలు ముందే అనుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఆ కాగితానికేదో మహిమ ఉండి కాదు, సాయంత్రం ఏడింటికి అలసిపోయి తీసుకునే నిర్ణయాన్ని ఆదివారం పొద్దున తీరిగ్గా తీసుకుంటారు కాబట్టి. అయితే మూడు పూటలకూ ఏడు రోజులకూ గళ్లు గీసి నింపే పద్ధతి వద్దు, అది రెండో వారానికే మూలపడుతుంది. పొద్దున బాక్సుల వంట మీరు ఎలాగూ అలవాటుగా చేసేస్తున్నారు, దాన్ని ముట్టుకోకండి. రాత్రి వంట మాత్రం రాయండి, పొద్దున టిఫిన్‌కు ఏ రోజు పిండి ఉంటుందో గుర్తు పెట్టుకోండి. అంతే చాలు.

రాత్రి వంట ఎలా రాయాలంటే, ఏ కూర తినాలనిపిస్తోందని కాదు, ఏ కూరగాయ ముందు పాడవుతుందో ఆ వరుసలో. ఆదివారం పొద్దున కేపీహెచ్‌బీ రైతుబజారుకు వెళ్తారనుకుందాం. ఆదివారం చికెన్ పోగా, తెచ్చిన పాలకూర, తోటకూర, గోంగూర సోమ, మంగళవారాల్లో అయిపోవాలి, పప్పులో వేస్తారో వేపుడు చేస్తారో మీ ఇష్టం. బుధవారం గుడ్డు పులుసు పెట్టుకోండి. గురు, శుక్రవారాల్లో బెండకాయ, వంకాయ, బీరకాయ. శనివారానికి వారమంతా నిలిచేవి, అంటే సొరకాయ, కంద, చేమదుంప, బంగాళదుంప, గుమ్మడి ముక్క మిగిలుండాలి, సాంబారో పులుసో అయిపోతుంది. మీరు పంపిన బిల్లుల ప్రకారం వారానికి రెండుసార్లు ఆకుకూర కొంటున్నారు, ఫ్రిజ్‌లో కుళ్లి పారేస్తున్నామని మీరే రాశారు. శనివారానికి తోటకూర పప్పు అని రాసుకుంటే అంతేకదా మరి. కొత్తిమీర, కరివేపాకు తెచ్చిన రోజే వేళ్లు తీసి, తడి ఆరాక, కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. అవి లేవన్న కారణంతోనే మీ ఇంట్లో నెలలో సగం యాప్ ఆర్డర్లు మొదలవుతున్నాయి.

రైతుబజార్లు 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచీ అక్కడ ఒక మంచి సౌకర్యం ఉంది, ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. కొనే ముందు బోర్డు ముందు రెండు నిమిషాలు నిలబడి, మీ లిస్టు సరిచేసుకోండి. లిస్టులో "బీరకాయ" అని కాకుండా "రెండు నీటి కూరగాయలు, రెండు వేపుడు కూరగాయలు, మూడు ఆకుకూరలు" అని రాసుకుంటే, ఆ రోజు ఏది చవకో అది తెచ్చుకోవచ్చు. టమాటా సంగతి తీసుకోండి. ప్రతి ఏడూ వానల మొదట్లో ధర ఎగబాకుతూ ఉంటుంది, 2023 జులైలో కేజీ వంద దాటి ఎక్కడికి పోయిందో మనందరికీ తెలుసు. అలాంటప్పుడు కూడా పప్పులో, కూరలో, చారులో టమాటా వేస్తూనే ఉన్నాం, అలవాటు కొద్దీ. చింతపండు ఉంది, మామిడికాయ రోజుల్లో మామిడికాయ ఉంది, నిమ్మకాయ ఉంది. పులుపుకు మన వంటలో ఇన్ని దారులున్నప్పుడు ఒక్క టమాటా కోసం బడ్జెట్ తారుమారు చేసుకోనక్కర్లేదు. చికెన్ కూడా అంతే, శ్రావణం, కార్తీకంలో గిరాకీ తగ్గి మామూలుగా ధర దిగుతుంది, ఆ వారాల్లో కావాలంటే ఇంకో అరకేజీ తినండి.

ఇప్పుడు దోసె పిండి. నెలకు పది ప్యాకెట్లు కొన్నారు, ఒక్కోటి కేజీ, 85 రూపాయలు. మీ బిల్లులోని ధరలతోనే చెబుతాను. ఒక గ్లాసు మినపగుళ్లు, అంటే 200 గ్రాములు, 26 రూపాయలు. మూడు గ్లాసుల దోసె బియ్యం 600 గ్రాములు, 24 రూపాయలు. ఈ 50 రూపాయలకు రెండు కేజీలకు దగ్గరగా పిండి వస్తుంది. కరెంటు కలుపుకున్నా కేజీ 30 దాటదు. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి రుబ్బితే వారంలో నాలుగు రోజులు టిఫిన్ గొడవ ఉండదు. మిగతా రోజులు ఉప్మా, అటుకులు, పెసరట్టు. నెలకు ఒక్క పిండి మీదే 500కు పైగా మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మెనూ ఎంత బాగా రాసుకున్నా వారంలో ఒకటి రెండు రోజులు వండలేం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, ఒంట్లో బాగుండదు, పిల్లల పరీక్ష ఉంటుంది. ఆ రోజుల్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి ఎప్పుడూ ఉండాలి. గుడ్లు డజనుకు తగ్గకూడదు. పప్పు వండిన రోజు ఇంకో గ్లాసు ఎక్కువ ఉడికించి, తాలింపు వేయకుండా డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద వారానికోసారి చేసి పెట్టుకోండి. ఈ సామానుంటే ఎనిమిదింటికి ఇంటికొచ్చినా కుక్కర్‌లో అన్నం పెట్టి, అది దిగేలోపు పప్పుకు తాలింపు వేసి, ఆమ్లెట్ పోసుకుంటే అరగంటలో అందరూ తినేస్తారు. వేడన్నంలో కందిపొడి, నెయ్యి వేసి పెడితే మీ బాబు నూడుల్స్ అడగడనే నా నమ్మకం. అదీ వీలుకాని రోజు కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక కూర తెచ్చుకుని అన్నం ఇంట్లో వండుకోండి, వంద, నూటయాభైలో ఐదుగురికి పూట గడుస్తుంది. 480 పెట్టే చోట ఇది నూరుపాళ్లు మంచి ఖర్చు. బయట తినడం పూర్తిగా మానేయమని నేను చెప్పను. నెలకు ఒకటి రెండుసార్లు పిల్లలతో కలిసి ముందే అనుకుని వెళ్లండి, దానికి, కర్రీ పాయింట్‌కు కలిపి 1,500 పక్కన పెట్టండి.

నెల సరుకుల్లో తగ్గించాల్సింది పెద్దగా లేదు కానీ రెండు మూడు చెబుతాను. నూనె నెలకు ఆరు లీటర్లు వాడుతున్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2,000 క్యాలరీల తిండికి సూచించే నూనె, కొవ్వులు మనిషికి 27 గ్రాములు. ఐదుగురికీ అంతే వేసుకున్నా నెలకు నాలుగు కేజీలు, నాలుగున్నర లీటర్లు దాటదు. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ, కాబట్టి నాలుగు లీటర్లు చాలు. ఇక్కడ మాత్రం గట్టిగానే చెబుతున్నాను, తగ్గించండి, డబ్బుకూ మంచిది, ఒంటికీ మంచిది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద బరువు చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె అంటే 910 గ్రాములు ఉండాలి, పక్కనే పది రూపాయలు తక్కువకు కనిపించే ప్యాకెట్‌లో 850 గ్రాములో ఇంకా తక్కువో ఉండొచ్చు.

బియ్యం బస్తా 26 కేజీలు ఎందుకుంటుందని మీరు అడిగారు. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల వరకూ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది, అంతకు మించితే పడదు, అందుకే మిల్లులు 26 కేజీల బస్తా తెచ్చాయి. కాబట్టి ఐదేసి, పదేసి కేజీల బ్యాగులు కొనకుండా బస్తానే తీసుకోండి. పాత బియ్యం కేజీకి కొంచెం ఎక్కువైనా అన్నం ఎక్కువవుతుంది, ముద్దవదు, ఆ నాలుగు రూపాయల కోసం కొత్త బియ్యానికి వెళ్లకండి. సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5కు, నెయ్యి మీద 12 నుంచి 5కు తగ్గింది, బిల్లులో ఆ తేడా కనిపిస్తోందో లేదో చూసుకోండి. పాలల్లో కలిపే పొడులు నెలకు రెండు డబ్బాలు, 900 దాకా అవుతున్నాయి. ఇలాంటివాటిని హెల్త్ డ్రింక్ అనే పేరు కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రమే ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. ఒక డబ్బాతో సరిపెట్టి, మిగతా రోజులు రాగి జావ ఇవ్వండి. ఎండుమిర్చి, చింతపండు కొత్త పంట వచ్చే మార్చి, ఏప్రిల్‌లో ఏడాదికి సరిపడా కొనుక్కోవడం మంచిదే, కానీ కార్డు మీద కాదు, చేతిలో డబ్బున్నప్పుడే.

పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరల జోలికి మాత్రం వెళ్లకండి. పొదుపు మొదలుపెట్టగానే చాలా ఇళ్లలో ముందు పాలు అర లీటరు తగ్గిస్తారు, అది నాకు అసలు నచ్చని పని, ఎదిగే పిల్లలున్న ఇల్లు. అత్తగారికి విడిగా ఖరీదైన షుగర్ ఫ్రీ బిస్కెట్లు, ఓట్స్, కొర్రలు కొంటున్నారు, నెలకు 1,100. డాక్టరు గారినో డైటీషియన్‌నో అడిగి, వాళ్లు సరేనంటే జొన్నలు కొని గిర్నీలో పట్టించి రాత్రిపూట రొట్టె చేయండి, కొర్రల కంటే బాగా చవక. ఆ రొట్టె అందరికీ పెడితే ఇంకో వంట పని కూడా తప్పుతుంది.

మీ వారి మాట గురించి. తిండి దగ్గర లెక్క చూడొద్దనడం ప్రేమతో అన్న మాటే, దాన్ని తప్పు పట్టకండి. కానీ ఆయనకు 18,400, 26,600 అన్న రెండు అంకెలూ, ఆ మంగళవారం బిల్లూ చూపించండి. ఎవరి కంచంలోంచీ ఏమీ తీయడం లేదని ఆయనకు అర్థమవుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ప్లానంతా మీ ఒక్కరి నెత్తిన పడితే రెండు నెలలు కూడా నడవదు, నడవాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. ఆఫీసు చేసొచ్చి రుబ్బడం, తరగడం, లెక్కలు రాయడం అన్నీ మీరే ఎందుకు చేయాలి? రైతుబజారు ఆయన చూసుకోవాలి, పిండి రుబ్బే పని కూడా ఆయనదే అనుకోండి, ఆకుకూర వలవడానికి పాప, అత్తగారు సాయం చేస్తారు. మీరు మిగిల్చే డబ్బు ఇంటిది, పని కూడా ఇంటిదే కావాలి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. యాప్‌లు 4,300 నుంచి 1,000కి, బయటి తిండి 3,900 నుంచి 1,500కి, నెల సరుకులు 8,000 నుంచి 7,000కి వస్తే 6,700 తగ్గుతుంది. ఇంట్లో ఎక్కువ వండుతారు కాబట్టి కూరగాయలు, మినపగుళ్లు, గ్యాస్ కలిపి ఓ 900 పెరుగుతుంది. నికరంగా 5,800. మొదటి నెలే ఇంత రాదు, 3,000 వచ్చినా సరే, రెండో నెలకల్లా 5,000 నిలకడగా రావాలి.

ఆ 5,000 ఎక్కడ పెట్టాలంటే, ముందు క్రెడిట్ కార్డుకు కట్టండి. ఎస్‌ఐపీ గురించి అడిగారు, ఇప్పుడు వద్దు. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 38 వేల బాకీకి నెలకు 1,570 దాకా ఊరికే పోతోంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కార్డు మీద కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీరు ప్రతి నెలా సూపర్‌మార్కెట్ బిల్లు ఆ కార్డుతోనే కడుతున్నారు, అంటే ఆ కందిపప్పు, నూనె మీద కూడా ఏడాదికి 42 శాతం లెక్కన వడ్డీ కడుతున్నట్టు. రివార్డు పాయింట్లు దీనికి ఏ మూలకూ రావు. ఈ రోజు నుంచే కార్డును సరుకులకు వాడటం ఆపేయండి, యాప్‌లలో సేవ్ అయి ఉన్న కార్డు వివరాలు తీసేయండి. ఇప్పుడు కడుతున్న మినిమమ్ 1,900కు ఈ 5,000 కలిపి నెలకు 6,900 కడితే, కొత్తగా ఏమీ కొనకుండా ఉంటే, ఏడో నెలలో బాకీ తీరిపోతుంది.

జీతం పడిన రోజే తిండి డబ్బు 21,000 వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి, సరుకుల యూపీఐ అంతా ఆ ఖాతా నుంచే జరగాలి, మీ ఇద్దరి ఫోన్లలోనూ. కార్డుకు కట్టే 6,900 కూడా అదే రోజు కట్టేయండి. నెలాఖరుకు మిగిలితే కడదాం అనుకుంటే మిగలదు, మీ మూడు నెలల స్టేట్‌మెంట్లే దానికి సాక్ష్యం. మొదటి నెల 5,000 మిగలకపోతే కార్డుకు కట్టేది 4,900కు తగ్గించుకోండి కానీ మళ్లీ మినిమమ్‌కు మాత్రం వెళ్లకండి.

కార్డు తీరాక అదే 6,900లో 1,900 అత్యవసర నిధికి వెళ్లాలి, 5,000తో పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. 2023 అక్టోబరు నుంచి దాని మీద వడ్డీ 6.7 శాతం ఉంది, ఆ లెక్కన ఐదేళ్లకు దాదాపు 3.56 లక్షలు చేతికొస్తుంది. రేటు మూడు నెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి ఖాతా తెరిచే రోజు ఒకసారి చూసుకోండి, తెరిచాక ఆ రేటు ఐదేళ్లూ మారదు. మీ పాప ఇంటర్‌లో ఉన్న రోజులకు ఆ డబ్బు వస్తుంది, తర్వాతి చదువు ఫీజుకు అప్పు వెతుక్కోకుండా ఉండొచ్చు. ఖాతా మీ పేరు మీద తెరవండి, నామినీగా మీ వారి పేరు రాయించండి, వాయిదా ప్రతి నెలా మీ పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా చెప్పి రండి.